దిగుడులో ఎల్ గేరు

హేమమాలీ నేనూ రంబొడ స్కూల్లో టీచర్లం. ఆమె లెక్కలు చెబుతుంది, నేను సింహళం చెబుతాను. ఇద్దరి ఇళ్లూ నువర ఎలియలోనే కావడంతో చాలాకాలం ఆమె కారులోనే కలిసి వెళ్లేవాళ్లం. అటు వెళ్లేటప్పుడు దారంతా దిగుడు. లబుకెలె తేయాకు తోటలు వచ్చేసరికి హేమ గేరు కర్రను ‘డి’లోంచి ‘టూ’లోకి లాగేది. మరీ నిటారుగా ఉన్న చోట ‘ఎల్’లో పెట్టేది. ఇంజను గట్టిగా మూలుగుతూ కారును వెనక్కి పట్టి ఉంచేది. మలుపుల దగ్గర తప్ప బ్రేకు మీద ఆమె కాలు పడేదే కాదు.

“ఆటోమేటిక్ కారు కదా, గేర్లన్నీ అదే మార్చుకుంటుంది. మధ్యలో నీకెందుకీ తంటా?” అని మొదట్లో అడిగాను.

“దానికి ముందున్న దారి కనబడదు సుజీవా. మనకి కనబడుతుంది” అంది.

కారు మాత్రం ఆమె భర్త నిస్సంక పేరు మీద ఉండేది. అతను బ్యాంకులో ఆఫీసరు. మనిషి మంచివాడే, నలుగురిలో సరదాగా ఉంటాడు. కాకపోతే తనకు తెలియనిది ఒకటుందని ఒప్పుకోవడం అతనికి చేతకాదు. ఆదివారాలు మాత్రం స్టీరింగు అతనిదే. “మా ఆవిడ చేతిలో పడితే కారు కూడా లారీలా అరుస్తుంది” అని అందరి ముందూ నవ్వేవాడు. హేమా నవ్వేది.

తరువాత దేశంలో పెట్రోలు కరువొచ్చింది. బంకుల ముందు పగలంతా వరుసలు. కొన్నాళ్లకు వారానికి ఇన్ని లీటర్లని కోటా పెట్టారు. అప్పుడు బ్యాంకులో ఎవరో నిస్సంకకు ఒక ఉపాయం చెప్పారు. దిగుడు రాగానే గేరును ‘ఎన్’లోకి తోసేస్తే ఇంజనుతో పనిలేకుండా కారు దానంతటదే జారిపోతుందట. చుక్క పెట్రోలు ఖర్చుండదట. అతనికది భలే నచ్చింది. హేమ వద్దని చెప్పి చూసింది. “న్యూట్రల్లో పెడితే బరువంతా బ్రేకు మీదే పడుతుంది. అది కాలిపోతుంది” అంది. “రోజూ వరుసలో నిలబడేది నేను, నువ్వు కాదు” అన్నాడతను.

ఆ ఏడాది నిస్సంక తండ్రి సంవత్సరీకం వచ్చింది. గంపొలలో అతని అన్నగారింట్లో భిక్షువులకు అన్నదానం ఏర్పాటు చేశారు. ఆదివారం పొద్దున్నే ముగ్గురూ బయల్దేరారు. నిస్సంక నడుపుతున్నాడు, పక్కన హేమ. వెనక సీట్లో అతని తల్లి ఎమలిన్ అమ్మ, ఒడిలో ఒక పెరుగు ముంత, పక్కన ఇంకో రెండు. ఆ దారిలో ఏం జరిగిందో తరువాత హేమ నాకు పూసగుచ్చినట్టు చెప్పింది.

లబుకెలె దాటగానే నిస్సంక గేరును ‘ఎన్’లోకి తోశాడు. కారు చప్పుడు లేకుండా జారడం మొదలుపెట్టింది.

“చూశావా అమ్మా, ఎంత హాయిగా ఉందో” అన్నాడు.

“ఊయల్లో ఉన్నట్టుంది పుతా” అంది తల్లి.

ప్రతి మలుపులోనూ బ్రేకు నొక్కుతున్నాడు. వదిలితే కారు ఉరుకుతోంది, మళ్లీ నొక్కుతున్నాడు. కొంతదూరం పోయేసరికి ఏదో మాడుతున్న వాసన వచ్చింది.

“నిస్సంకా, అది బ్రేకు వాసన. టూలో పెట్టు. లేదంటే ఎక్కడైనా కాసేపు ఆపు” అంది హేమ.

“టీ ఫ్యాక్టరీ వాసనది.”

“టీ వాసన నాకు తెలియదా? ఆపమంటున్నాను కదా.”

“నడిపేది నువ్వా నేనా?”

వెనకనుంచి తల్లి అందుకుంది. కోడలిని ఆవిడ ‘దువా’ అనే పిలుస్తుంది, కూతురా అని. “మంచి పనికి వెళ్తున్నాం దువా. దారిలో వాణ్ని విసిగించకు.”

హేమ నోరు మూసుకుంది.

రంబొడ మలుపులు ఇంకా ముందుండగానే బ్రేకు పెడలు మెత్తబడింది. నిస్సంక నొక్కాడు. అది నేలదాకా దిగిపోయింది కానీ కారు ఆగలేదు. మళ్లీ మళ్లీ తొక్కాడు. అతని మొహం పాలిపోయింది. రెండు చేతులతో స్టీరింగును పట్టుకుని బిగుసుకుపోయాడు. ఎదురుగా పైకి ఎక్కుతున్న బస్సొకటి హారను కొట్టుకుంటూ పక్కకు తప్పుకుంది. ఎడమవైపు కొండ, కుడివైపు లోయ.

హేమ చెయ్యి చాపి గేరును ‘డి’లోకి లాగింది, అక్కణ్నించి ‘టూ’లోకి. ఇంజను ఒక్కసారి గట్టిగా అరిచింది. వేగం తగ్గింది. ఇంకాస్త తగ్గాక ‘ఎల్’లోకి లాగింది. “కొండవైపు తిప్పు, కాలవలోకి దించెయ్” అని అరిచింది. అతను కదల్లేదు. ఆమే స్టీరింగు పట్టుకుని తనవైపు లాగింది. ఎడమ చక్రాలు రోడ్డు పక్క కాలవలోకి దిగాయి. కారు మట్టిగట్టును రాసుకుంటూ పోయి, ఒక కుదుపుతో ఆగింది.

హేమకూ నిస్సంకకూ ఏమీ కాలేదు. వెనక పెద్దావిడ బెల్టు పెట్టుకోలేదు. సీటు మీంచి కిందపడి తుంటి ఎముక విరిగింది. పగిలిన ముంతల పెరుగు ఆమె తెల్లచీర మీదంతా పడింది.

పోలీసు వచ్చేసరికి హేమ రోడ్డు మీద కూర్చుని అత్తగారి తల ఒళ్లో పెట్టుకుని ఉంది. కానిస్టేబులు అడిగితే నిస్సంక చెప్పాడు. “బ్రేకు కాస్త మొరాయించింది సార్. నేను ఆపేవాణ్నే. ఇంతలో ఈమె కంగారుపడి గేరు లాగేసింది, స్టీరింగు లాగేసింది.”

హేమ తలెత్తి అతనివైపు చూసింది. అతను ఇటు చూడలేదు. కానిస్టేబులు అదే రాసుకున్నాడు.

గంపొలలో బంధువులందరికీ అదే మాట చేరింది. దానం భోజనానికి వచ్చినవాళ్లంతా హేమ గురించే మాట్లాడుకున్నారట. బావగారి భార్య ఫోను చేసి, “ఇకనుంచైనా మగవాళ్లు నడిపేటప్పుడు చేతులు ఒళ్లో పెట్టుకో చెల్లీ” అంది.

క్యాండీ ఆసుపత్రిలో ఎమలిన్ అమ్మకు ఆపరేషను చేశారు. దగ్గరుండి చూసుకున్నది హేమే. స్కూలుకు సెలవు పెట్టి మంచం పక్కనే ఉండిపోయింది. నేను చూడబోయిన రోజు హేమ బొప్పాయి కడిగి తేవడానికి వెళ్తే, ఆ పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది.

“ఆ పిల్లే లేకపోతే ముగ్గురం లోయలో ఉండేవాళ్లం టీచరమ్మా” అంది.

“ఆ మాట మీ అబ్బాయితో అనొచ్చు కదమ్మా.”

“దానితోనే అన్నాను. నిన్న దాని చెయ్యి పట్టుకునే చెప్పాను, నువ్వే బతికించావని. కానీ వాడు నలుగురిలో తిరిగే మగాడు. వాడి తల వంచలేను కదా.”

హేమ తిరిగొచ్చి బొప్పాయి ముక్కలు కోసి ఆమె నోటికి అందించింది.

బాగుచేయించాక నిస్సంక ఆ కారు అమ్మేశాడు. ఆటోమేటిక్ కార్లు కొండలకు పనికిరావన్నాడు. దాని బదులు క్లచ్చి ఉన్న పాత వ్యాను కొన్నాడు. హేమ లైసెన్సు ఆటోమేటిక్‌కి మాత్రమే. అది అతనికి తెలియని సంగతి కాదు. హేమ బస్సులో రావడం మొదలుపెట్టింది, నేనూ బస్సే.

మరుసటి ఏడు మా ఆయన పియల్ కారు కొందామనుకుని, నిస్సంకను సలహా అడుగుదామన్నాడు. వెళ్లాం. ఎమలిన్ అమ్మ వరండాలో వాకరు పక్కన పెట్టుకుని కూర్చుంది. నిస్సంక ఉత్సాహంగా మాట్లాడుతున్నాడు.

“ఆటోమేటిక్ తీసుకుంటే ఒక్కటి గుర్తుపెట్టుకో తమ్ముడూ. దిగుడులో చచ్చినా ఎన్ వెయ్యకు. టూలో పెట్టు, ఇంకా నిటారుగా ఉంటే ఎల్. ఇంజనే కారుని పట్టుకుంటుంది, బ్రేకు చల్లగా ఉంటుంది. చాలామందికి ఈ సంగతి తెలియదు. ఇంకోటి, పక్కనున్నవాళ్లని గేరు ముట్టుకోనివ్వకు. మా ఇంట్లో ఏం జరిగిందో విన్నావుగా.”

హేమ టీ పళ్లెంతో గుమ్మంలో నిలబడి ఉంది.

“ఆ రోజు గేరు ఎందులో ఉంది నిస్సంకా?” అంది. గొంతు పెంచలేదు.

“ఏ రోజు?”

“అమ్మ తుంటి విరిగిన రోజు.”

అతను నవ్వబోయి ఆగిపోయాడు. “ఇప్పుడవన్నీ ఎందుకు, వచ్చినవాళ్ల ముందు?”

హేమ అత్తగారివైపు తిరిగింది. “వెనక సీట్లో మీరున్నారు కదమ్మా. మీరు చెప్పండి.”

ఎమలిన్ అమ్మ కొడుకును చూసింది, కోడలిని చూసింది. తరువాత తన చేతులు చూసుకుంది.

“నాకేం గుర్తులేదు దువా. పెద్దదాన్నైపోయాను” అంది. పళ్లెం చూపిస్తూ, “టీ చల్లారిపోతోంది, ఇవ్వు వాళ్లకి” అంది.

హేమ అందరికీ కప్పులు అందించింది. అత్తగారి కప్పు ఎప్పటిలాగే సాసర్లో పోసి చల్లార్చి ఇచ్చింది. లోపలికి వెళ్లి మళ్లీ బయటికి రాలేదు.

ఇంటికొస్తుంటే పియల్, “పాపం, నిస్సంక మొహం చూశావా? బయటివాళ్ల ముందు అలా అడగొచ్చా?” అన్నాడు. ఆసుపత్రిలో ముసలావిడ నాతో అన్నదంతా చెప్పాను. పియల్ అంతా విన్నాడు. తరువాత, “అయినా సరే, అది వాళ్లింటి గొడవ” అన్నాడు.

మేం కారు కొన్నాం. రోజూ పొద్దున పియల్ నన్ను స్కూల్లో దింపి వెళ్తాడు. ఒక సాయంత్రం స్కూలు ముందు బస్సు కోసం నిలబడ్డప్పుడు హేమను కూడా రమ్మన్నాను, ఎలాగూ ఒకే దారి కదా అని.

“వద్దు సుజీవా, బస్సే బాగుంది” అంది.

“ఎందుకు, పియల్ జాగ్రత్తగానే నడుపుతాడు.”

“నడుపుతాడేమో. ఏదైనా వాసనొస్తే నేను చెప్పాలా, ఊరుకోవాలా? అది తేల్చుకోలేను.”

బస్సు వచ్చింది. ఆమె గొడుగు మూసి ఎక్కేసింది.