అరగిన్నె తవుడు

నేను ఒక వెండి గిన్నెను. ఇప్పుడు విశాఖపట్నంలో ఒక మ్యూజియంలో, అద్దాల పెట్టెలో ఉన్నాను. హార్బిన్ దొర ఎవరు, ఇక్కడ ఎలా బతికాడు, అతని సంతానం ఏమైంది అని ఆరా తీసేవాళ్ళు అప్పుడప్పుడు నా ముందు నిలబడతారు. ముగ్గురు పిల్లలూ పసితనంలోనే పోయారట, వంశం అంతటితో ఆగిపోయిందట అనుకుంటూ వెళ్ళిపోతారు. మనుషులు సమాధులను నమ్మినంతగా ఉయ్యాలలను నమ్మరు.

నన్ను లండన్‌లో ఒక కంసాలి సాగగొట్టాడు. పుట్టబోయే మనవల బాప్తిస్మానికని హార్బిన్ తల్లి నన్ను కొని, కొడుకు పెట్టెలో సర్దింది. మూడు వందల ఏళ్ళ కిందటి మాట. అప్పటికి విశాఖలో ఇంగ్లీషువాళ్ళంటే ఒక చిన్న కోట, కొన్ని గోదాములు, బట్టల వ్యాపారం చేసుకునే గుప్పెడుమంది. హార్బిన్ నేతగాళ్ళ ఊళ్ళు తిరిగి బట్ట కొనేవాడు. బేరంలో గట్టివాడు.

మొదటి బిడ్డ పుట్టినప్పుడు నాలో నీళ్ళు పోసి, ఆ పసి నెత్తిన చల్లారు. వానాకాలం వెళ్ళకుండానే జ్వరం ఎత్తుకుపోయింది. రెండో బిడ్డకూ అంతే. మూడో బిడ్డకూ అంతే. ఆ తర్వాత పెట్టె మూత చప్పుడైతే చాలు, నాకు వణుకు పుట్టేది. చావును మోసుకొస్తున్నది నేనేనేమోనని భయం. దొరసాని సుసన్నాకూ అదే భయం. నన్ను గుడ్డలో చుట్టి పెట్టె అడుగున దాచేసింది.

నాలుగోవాడు పుట్టాడు. దొర ఊళ్ళో లేనప్పుడు బిడ్డకు జ్వరం తగిలింది. ఒళ్ళు కాలిపోతోంది, పాలు తాగడం మానేశాడు. అప్పుడే కబురొచ్చింది. ఓడలో పాదిరీ దిగాడు, దొర ఆయన్ని వెంటబెట్టుకుని వస్తున్నాడు, బాప్తిస్మానికి సిద్ధం చెయ్యమన్నాడు.

నన్ను పైకి తీసిన దొరసాని చేతులు చల్లగా ఉన్నాయి.

ఆయా ఎర్రయ్యమ్మ అడ్డుపడింది. "అమ్మా, నా మాటినండి. గుంటణ్ని తవుడికి అమ్మీండి. అలాగ అమ్మీసినోడి జోలికి సావు రాదు. ఇలువలేని గుంటడని ఒగ్గేసి పోతాది."

వీధిలో చేపలమ్మే నూకాలును పిలిచింది. ఇంటినిండా బతికిన పిల్లలున్న మనిషి ఆవిడ. ఒడిలో తవుడు పోసుకొచ్చింది. బిడ్డను చేటలో పడుకోబెట్టారు. తవుడు పట్టడానికి మరొకటి కనిపించక దొరసాని నన్నే చాచింది.

నూకాలు బిడ్డను ఎగాదిగా చూసింది. "ఓలమ్మా, ఈ సుద్దముక్కకి గిన్నెడు తవుడేటి? మా మేకేం తింటాది? సగం సాలు."

దొరసాని ప్రాణం చివుక్కుమంది. వచ్చీరాని తెలుగులో, "నిండా పొయ్యి. నా కొడుకు!" అంది.

"ఊరుకోండమ్మా!" ఎర్రయ్యమ్మ కసిరింది. "సవగ్గా పోతేనే బతుకుతాడు."

నాలో సగం వరకు తవుడు పడింది. నూకాలు బిడ్డను ఎత్తుకుని గుమ్మం దాటి, మళ్ళీ లోపలికొచ్చింది. "ఈడు నా గుంటడు తవిటయ్య. నాను సేపలమ్ముకోవాల, కాస్త పెంచిపెట్టండి. మీ గుంటడని మాత్రం అన్నారంటే బేరం సెడిపోద్ది."

నూకాలు వెళ్ళిన కాసేపటికి బూట్ల చప్పుడు. దొర, వెనక పాదిరీ. దొరకు ఇలాంటివంటే మంట. జ్వరం రాకుండా గుమ్మానికి వేపకొమ్మ కట్టిందని ఒకసారి ఎర్రయ్యమ్మను పనిలోంచి తీసెయ్యబోయాడు.

"నా కొడుకేడి?" అన్నాడు.

దొరసాని ఉయ్యాలకు అడ్డంగా నిలబడింది. "మనకు కొడుకు లేడు, నథానియెల్. చేపలావిడకు అమ్మేశాను."

దొర చూపు బల్ల మీదున్న నా మీద, నాలోని తవుడు మీద పడింది. బట్ట కొనే ఊళ్ళలో ఈ ఆచారం చూసినవాడే. నన్ను అందుకున్నాడు. తవుడు కిటికీలోంచి పారబోస్తాడనుకున్నాను. బేరం చెడుతుంది, బిడ్డ పోతాడు అని బెదిరిపోయాను. కానీ ఆయన చెయ్యి కిటికీ వైపు కదలలేదు. మూడు చిన్న పెట్టెలను గోతిలోకి దించిన చెయ్యి అది. చిటికెడు తవుడైనా రాలకుండా నన్ను తిరిగి బల్ల మీద పెట్టాడు.

పాదిరీ గొంతు సవరించుకున్నాడు. "బాప్తిస్మం ఇవ్వాల్సిన బిడ్డ ఏడండీ?"

దొర, ప్రార్థన తప్ప మరొకటి నమ్మని మనిషి, ఉయ్యాల వైపు ఒకసారి చూశాడు. "శ్రమపడి వచ్చారు, క్షమించండి. మాకు పిల్లలు లేరు. వాడు చేపలావిడ కొడుకు" అన్నాడు.

ఉయ్యాల్లో తవిటయ్య గుక్కపెట్టాడు. జ్వరం వచ్చాక పాల కోసం ఏడవడం అదే మొదటిసారి. దొరసాని వంగబోయి, భయంతో ఆగి, ఎర్రయ్యమ్మ వైపు చూసింది.

"ఎవరి గుంటడైతేనేటమ్మా," అంది ఎర్రయ్యమ్మ, "పాలియ్యండి."