మీ ఇంటికి దారి చెప్పండి

"మారిందే. ఇప్పుడు ఒక్క మాట ఎదురు చెప్పదు. పూర్తిగా నెమ్మదించింది," అని మా అత్తయ్య ఫోన్లో కూతురితో అంటోంది. నేను వంటింట్లో పొయ్యి గట్టు తుడుస్తున్నాను. ఆ మాట నా గురించేనని తెలుసు. నాకు వినపడాలనే కాస్త గొంతు పెంచి అంటోంది, ఎందుకంటే మెచ్చుకుంటోంది. పెళ్ళయ్యాక ఆవిడ నన్ను మెచ్చుకోవడం ఇదే మొదటిసారి. సంతోషపడాల్సిందే. గుడ్డ పిండి ఆరేసి, సంచీ భుజాన వేసుకుని వీధి తలుపు దాకా వచ్చానో లేదో, వెనక వంటింట్లో ఎవరో వేగంగా, పైపైన ఊపిరి తీస్తున్నట్టు వినిపించింది. తిరిగి వెళ్ళి చూశాను. ఎవరూ లేరు. కుళాయి కట్టేసే ఉంది.

నేను ఐసీయూలో నర్సుని. గొంతులో గొట్టం వేసి మెషీన్ చేత ఊపిరి పీల్పించాల్సిన ఘడియ ఎవరికి దగ్గరపడుతోందో కనిపెట్టడం నా పనిలో పెద్ద భాగం. గొట్టం వేసేది డాక్టర్లు. రండి అని పిలవాల్సింది మేము. తొందరపడితే అక్కర్లేని గొట్టం, ఆలస్యమైతే మనిషే దక్కదు. మానిటర్ తెర మీది అంకెలు చివరిదాకా మర్యాదగానే ఉంటాయి. లోపల మనిషి తన ఓపికంతా ఊడ్చి వాటిని నిలబెడుతూ ఉంటుంది. అందుకే నేను మనిషిని చూస్తాను. ముక్కుపుటాలు ఎగురుతున్నాయా, మెడ కండరాలు తాళ్ళలా బిగుస్తున్నాయా, గొంతు కింది గుంట లోపలికి పోతోందా అని. ఛాతీ లేచినప్పుడు పొట్ట కూడా లేవాలి. ఛాతీ పైకి, పొట్ట లోపలికి పోతుంటే ఇక ఎక్కువసేపు లేదన్నమాట.

వీటితో పాటు నాకో సొంత అలవాటుంది. మంచం పక్కన నిలబడి "మీ ఇంటికి దారి చెప్పండి" అంటాను. తమ ఇంటి దారి చెప్పడం అందరికీ ఇష్టమే. ఒక్క ఊపిరిలో ఎంత దూరం రాగలరో వింటాను. నిన్న వీధి మలుపు దాకా వచ్చినవాళ్ళు ఇవాళ బస్సు దిగగానే ఆగిపోతే నాకు భయం పట్టుకుంటుంది. ఆయాసపడేవాళ్ళు గోల చేస్తారు, మాస్కు పీకేస్తారు, నర్సుల్ని తిడతారు. గోల చేసినంతసేపూ నాకు ధైర్యమే. అలా గోల చేసిన మనిషి ఉన్నట్టుండి బుద్ధిగా పడుకుని, పక్కనున్నవాళ్ళు "హమ్మయ్య, కుదుటపడింది" అంటే మాత్రం వెన్ను జలదరిస్తుంది. పోట్లాడే ఓపిక అయిపోయినప్పుడే మనుషులు అలా పడుకుంటారు.

మూలమంచం మీది దర్జీ ఆవిడ నిన్న నన్ను చెడామడా వాయించింది.

"ఏమ్మాయ్, నీ చొక్కా భుజాలు ఎవరు కుట్టారు? చేతులు కట్టేసినట్టుంది. నీకసలు ఊపిరెలా ఆడుతోంది?"

"అలవాటైపోయిందమ్మా. మీ ఇంటికి దారి చెప్పండి, వచ్చి కుట్టించుకుంటాను."

"బస్సు దిగి మందుల షాపు పక్క సందులోకి రా, సైకిళ్ళు బాగుచేసేవాడు కనిపిస్తాడు, వాణ్ణి మాత్రం దారి అడక్కు, వదలడు," అని ఆగి, మాస్కు సర్దుకుని, మళ్ళీ ఆ సైకిళ్ళవాణ్ణే అందుకుంది. నాకు నవ్వొచ్చింది. చాలా దూరం వచ్చింది అనుకున్నాను.

ఇవాళ వార్డులో అడుగుపెట్టగానే డ్యూటీ దిగుతున్న నర్సు, "మీ దర్జీ ఆవిడ ఏ ఇబ్బందీ పెట్టలేదు, పాపం. హాయిగా పడుకుంది," అంది. సంచీ కూడా దించకుండా మూలమంచం దగ్గరికి వెళ్ళాను. పక్కన స్టూలు మీద ఆవిడ భర్త కూర్చుని ఉన్నాడు.

"లేపకండి సిస్టర్. నిన్నంతా నన్ను తిట్టిపోసింది. ఇప్పుడే నెమ్మదించింది."

పొద్దున విన్న మాటే. నిన్న మంచం కమ్మీని బిగించి పట్టుకున్న చెయ్యి ఇవాళ జారి పక్కన పడి ఉంది. నుదుట చెమట. దుప్పటి తొలగించి చూస్తే, ఛాతీ లేచిన ప్రతిసారీ పొట్ట లోపలికి పోతోంది. చెవి దగ్గర వంగి, "అమ్మా, మీ ఇంటికి దారి చెప్పండి," అన్నాను.

"బస్సు," అంది. చాలాసేపటికి, "దిగి," అంది. కళ్ళు మూతలు పడ్డాయి.

పిలిచిన వెంటనే డాక్టరమ్మ వచ్చింది, ఒక్క చూపు చూసి "వేసేద్దాం" అంది. భర్తని బయటికి పంపాం. మంచం ఎత్తు సరిచేసి, గొట్టం, మందులు అందుబాటులో పెడుతుంటే దర్జీ ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. కళ్ళు తెరిచి చూస్తోంది, నా మొహంలోకి కాదు, నా గొంతు కింద.

"నువ్వు... చెప్పు."

"ఏం చెప్పనమ్మా?"

"మీ... ఇంటికి... దారి."

ఆ స్థితిలోనూ వేళాకోళమా అని నవ్వబోయాను. "బస్సు దిగి," అన్నాను. ఊపిరి అయిపోయింది. మళ్ళీ తీసుకుని, "బస్సు దిగి కుడి," అన్నాను. మళ్ళీ అయిపోయింది. మా గేటు రంగు కళ్ళముందే ఉంది, మాట మాత్రం అక్కడిదాకా నడవట్లేదు. డాక్టరమ్మ సిరంజీ వైపు చూస్తోంది, గమనించలేదు. దర్జీ ఆవిడ గమనించింది.

"నీకూనా," అంది. గొట్టం వేసే ముందు ఆవిడ అన్న ఆఖరి మాట అది.

గొట్టం సరిగ్గా పడింది. మెషీన్ ఆవిడ ఊపిరి పని అందుకుంది, పొట్టా ఛాతీ కలిసి లేచాయి. బయటికి వచ్చి, సమయానికే వేశామని, గొట్టం తీసేదాకా ఆవిడకి మాట్లాడటం కుదరదని భర్తకి చెప్పాను. "నిన్న తిడుతుంటే నోరు ముయ్యవే అన్నాను సిస్టర్," అని గోడకి తల ఆనించి ఏడ్చాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను గానీ రాలేదు.

డ్యూటీ దిగుతుంటే ఇన్‌చార్జి అక్క అడ్డం పడింది. "ఆ పొరుగూరి ఐసీయూ శిక్షణ సంగతి ఏం చేశావ్? ఏడాదే కదా, హాస్టల్ కూడా ఇస్తున్నారు. సాయంత్రంలోగా పేరివ్వాలి."

"చూస్తానక్కా," అన్నాను. అంతకు మించి రాలేదు.

బస్సులో కూర్చుని గుర్తు చేసుకున్నాను. ఆ శిక్షణ గురించి ఇంట్లో మొదటిసారి చెప్పినప్పుడు అన్నం చల్లారిపోయేదాకా మాట్లాడాను. "గొట్టాలు పట్టుకోవడానికి కూడా పై చదువులా?" అంది అత్తయ్య. "నేను వద్దనట్లేదు. నువ్వెళ్తే ఇల్లెవరు చూస్తారో నువ్వే ఆలోచించుకో," అన్నాడు మా ఆయన, చాలా పెద్దమనసుతో. రెండోసారి రెండు వాక్యాలు చెప్పాను. తరవాత "సరే" అనడం నేర్చుకున్నాను. ఆ తరవాత అదీ మానేసి తలూపాను. "ఇలా ఉంటే ఇల్లెంత ప్రశాంతంగా ఉందో చూడు," అన్నాడాయన. ఒక్కో మెట్టూ నా కళ్ళముందే దిగాను. ఎవరినైనా మంచం మీద అలా చూసి ఉంటే ఎప్పుడో పరుగెత్తి డాక్టర్ని పిలిచేదాన్ని.

బస్సు దిగి కుడివైపు నడిచాను. నోటికి రాని దారి కాళ్ళకి బాగానే వచ్చు.

ఇంట్లోకి రాగానే మళ్ళీ అదే ఊపిరి, వేగంగా, పైపైన. అత్తయ్య మంచం మీద కునుకు తీస్తోంది. వంగి చూశాను, నిదానంగా ఉంది. ఆయన సోఫాలో ఫోన్ చూసుకుంటున్నాడు. ఆయన పొట్ట గురించి దిగులు పడక్కర్లేదు. శబ్దం వంటింట్లోంచే వస్తోంది. వెళ్ళాను. గట్టు మీద బోర్లించిన స్టీలు పళ్ళెంలో ఒకావిడ కనిపించింది. నుదుట చెమట, ఎగురుతున్న ముక్కుపుటాలు, గొంతు కింద లోపలికి పోతున్న గుంట. ఈవిడకి ఎక్కువసేపు లేదు అనుకున్నాను, ముందు నర్సులాగే. తరవాత ఆ మొహం నాదేనని పోల్చుకున్నాను.

"వచ్చావా? టీ పెట్టు," అన్నాడాయన హాల్లోంచి.

హాల్లోకి వచ్చి నిలబడి ఇన్‌చార్జి అక్కకి ఫోన్ చేశాను.

"అక్కా, నా పేరు ఇచ్చెయ్, ఆదివారం పొద్దున్నే బయల్దేరి వెళ్తాను, హాస్టల్లో కిటికీ పక్క మంచం దొరికితే నాకు పట్టిపెట్టమను, ఇక్కడ ఇంటి సంగతి ఇంట్లోవాళ్ళు చూసుకుంటారు." అంతా ఒక్క ఊపిరిలో వచ్చింది, మధ్యలో ఎక్కడా తెగలేదు.

"మీవాళ్ళకి చెప్పావా?"

"ఇప్పుడే చెప్తున్నానక్కా. ఇక్కడే ఉన్నారు, వింటున్నారు."

ఆయన ఫోన్ దించి నావైపు చూశాడు. అత్తయ్య లేచి గుమ్మంలోకి వచ్చింది. "పొద్దుటిదాకా బాగానే ఉంది కదరా," అంది కొడుకుతో. "మళ్ళీ మొదలుపెట్టింది."

వెనక వంటింట్లో ఆ ఊపిరి ఠక్కున ఆగిపోయింది. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి పొట్ట మీద పెట్టి చూసుకున్నాను. రెండూ కలిసే లేస్తున్నాయి.