ముందు చక్రం

"కాలు తియ్యవే బ్రేకు మీంచి! అది బండా, కుట్టుమిషనా?"

పంతొమ్మిదేళ్ల కిందట నాకు బండి నేర్పుతూ మా ఆయన వల్దెసిర్ అన్న మాట ఇది. ఇప్పటికీ అంటాడు. నేను భోజనాలు పంచేసి ఇంటి మలుపు తిరిగేసరికి, మెకానిక్ షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని, పక్కన బండి బాగు చేయించుకోవడానికి వచ్చినవాళ్లు వినేలా మరీ అంటాడు. నా కుడికాలి వేళ్లు ఎప్పుడూ వెనక బ్రేకు మీద ఆని ఉంటాయి. నొక్కను, ఊరికే ఆనించి ఉంచుతాను. ఆడవాళ్ల డ్రైవింగ్ అంతా కాలి వేళ్లలో భయమేనని ఆయన సిద్ధాంతం.

భయం కాదని చెప్పడానికి నాకు అవకాశం రాలేదు, వచ్చినా అప్పుడు చేతిలో గరిటె ఉండేది. మా అత్తగారు దోనా జుల్మిరాది భోజనాల వ్యాపారం. పొద్దున నాలుగింటికి లేచి అన్నం వార్చి, ఆకుకూర వెంట్రుకంత సన్నగా తరిగి, చిక్కుడు గింజల పులుసు ముప్పై లీటర్ల గిన్నెలో దింపి, అల్యూమినియం డబ్బాల్లో నింపి అంచులు మడిచేది నేను. ఆ ముప్పై రెండు డబ్బాలూ నా నూట పాతిక సీసీ బండి వెనక పెట్టెలో పేర్చుకుని, మేకలు కూడా ఆలోచించి ఎక్కే మా బెలో ఒరిజోంటె ఊరి కొండ వీధుల్లో ఇంటింటికీ ఇచ్చేదీ నేనే. తిరిగి రాగానే అత్తగారి మొదటి ప్రశ్న, "పులుసు ఒలికిందా?" ఎండగా ఉందా అనో, నువ్వు తిన్నావా అనో కాదు. ఈ పని మొదలెట్టిన తొమ్మిదేళ్లలో ఒక్కరోజూ ఒలకలేదు. ఒలకకపోవడానికి కారణం బ్రేకు మీద ఆనిన ఆ ఐదు వేళ్లే. కానీ ఒలికితే కనపడుతుంది గానీ, ఒలకకపోతే ఎవరికి కనపడుతుంది?

వల్దెసిర్‌ని మా కొండ మీద అందరూ మేస్త్రీ అంటారు. బండ్లు బాగుచేస్తాడని కాదు, గ్రౌ నేర్పుతాడని. ముందు చక్రం గాల్లోకి లేపి, వెనక చక్రం ఒక్కదాని మీదే బండిని నడిపించుకుపోవడాన్ని మేం గ్రౌ అంటాం. ఇక్కడి పిల్లలకి నడక వచ్చిన మర్నాటి నుంచి ఇదే పిచ్చి. రోడ్ల మీద చేస్తే పోలీసులు బండి లాక్కుపోతారు కాబట్టి, కొండ కింద ప్లాట్లు వేసి, సిమెంటు రోడ్లు పోసి, ఇళ్లు మాత్రం కట్టకుండా వదిలేసిన వెంచర్‌లో ప్రతి ఆదివారం చేరతారు. సగం కొండకి ఆయనే నేర్పాడు. పెళ్లయిన మూడో ఏడు ఒకసారి నేనూ అడిగాను. "నువ్వా? నువ్వు చక్రం ఎత్తేదేమిటే, నిన్ను ఎత్తాలంటేనే క్రేను కావాలి" అని కడుపుబ్బ నవ్వాడు. ఆయన స్నేహితులు నవ్వారు. వాళ్లతోపాటు నేనూ నవ్వాను. వాళ్లు నవ్వినందుకు లేదు గానీ, నేను నవ్వినందుకు మాత్రం నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

మొన్న మార్చిలో ఒక గురువారం, వెంచర్‌లో కాలువలు తవ్వేవాళ్లకి డబ్బాలు ఇచ్చి వస్తుంటే చివరి వీధిలో ఇద్దరమ్మాయిలు కనిపించారు. ఒకమ్మాయి మందుల షాపు యూనిఫాం ప్యాంటులోనే ఉంది. చూస్తుండగానే దాని బండి నిలువునా లేచి, వెనక్కి తిరగబడి, పిల్లని నేలమీద పడేసింది. నేను బండాపి పరుగెత్తాను.

"దెబ్బ తగిలిందా అమ్మాయ్?"

"పరువుకి తగిలిందక్కా. మిగతాది బానే ఉంది." ఆ పిల్ల పేరు తైనారా. ఒళ్లు దులుపుకుంటూ మళ్లీ ఎక్కబోయింది.

"నీ కుడికాలు గాల్లో వేలాడుతోంది. బ్రేకు మీద ఆనించి ఉంచు. వెనక్కి పడిపోతున్నాను అనిపించగానే వేళ్లతో చిన్నగా తాకు. బండి ముక్కు కిందికి దిగుతుంది."

"అంటే నువ్వు గ్రౌ చేస్తావా?"

"లేదు. అన్నం పంచుతాను."

రెండో పిల్ల, తైనారా చుట్టం, కిసుక్కుమంది. తైనారా నవ్వలేదు. చెప్పినట్టే చేసింది. చక్రం లేచింది, వెనక్కి పోబోయింది, తాకింది, బుద్ధిగా కిందికి దిగింది. ఆ పిల్ల వేసిన కేకకి కాలువలో పనివాళ్లు తలలు పైకెత్తారు. "అక్కా! ఇన్నాళ్లూ ఈ ముక్క నాకెవరూ చెప్పలేదేంటి? గ్యాసు ఇవ్వు, యాక్సిలరేటర్ తిప్పు అంటారే గానీ! దిగు, దిగు, ఆ పెట్టె తీసెయ్. నువ్వూ ఎక్కుతున్నావ్."

పెట్టె విప్పుతుంటే నాకు ఒక సంగతి తట్టింది. వెనక ముప్పై రెండు డబ్బాల బరువు, ముందు నిట్టనిలువు ఎక్కుడు. రోజూ ఆ ఎక్కుళ్లలో బండి ముందు చక్రం తేలికైపోయి, లేస్తాను లేస్తాను అంటూ ఉంటుంది. నేను హ్యాండిల్ మీదకి ఛాతీ వంచి, పళ్లు బిగించి దాన్ని కిందికి నొక్కుతాను. తొమ్మిదేళ్లుగా అది లేస్తానంటోంది, నేను వద్దంటున్నాను. నన్ను ఎవరో తొక్కేస్తున్నారని ఇన్నాళ్లూ లోలోపల ఏడ్చుకున్నాను గానీ, నేనూ ఒకదాన్ని రోజూ తొక్కుతున్నానని తెలీలేదు. అక్కడే, రోడ్డు మధ్యలో, పెట్టె చేతుల్లో పట్టుకుని, పిచ్చిదానిలా నవ్వాను.

అలా మొదలైంది. తైనారాకి గురువారం సెలవు. నాకు సెలవన్నదే లేదు. మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర దాకా మర్నాటికి గింజల్లో రాళ్లు ఏరే వేళ. అందుకని పన్ను నొప్పి అన్నాను. డాక్టరు ప్రతి గురువారం రమ్మన్నాడన్నాను. ఏడు వారాలు. ఆ లెక్కన నా నోట్లో ఒక్క పన్నూ మిగలకూడదు. అత్తగారు, "ఈ వయసులో పళ్లకి సోకులేంటో" అని గొణిగేది. నలభై ఒకటి నా వయసు. మోకాళ్లు కలుక్కుమనేవి, పిరుదుల మీద నల్లటి కమిలిన మచ్చలు, అరచేతుల్లో బొబ్బలు. చేతులు మాత్రం నన్ను మోసం చెయ్యలేదు. ముప్పై లీటర్ల గిన్నె పొయ్యి మీంచి దింపే చేతులు అవి. మొదటి రెండు వారాలు జానెడే లేపడం, బ్రేకు తాకి దింపడం. లేపడం, దింపడం. తైనారా విసుక్కుంది గానీ నేను పట్టు వదల్లేదు. దింపడం రానివాళ్లకి లేపే హక్కు లేదన్నాను. అలా ఎప్పుడు మేస్త్రమ్మనయ్యానో నాకే తెలీదు.

ఐదో వారం ఆ చోటు దొరికింది. చక్రం లేచి లేచి ఒక ఎత్తుకి వచ్చాక బండికి బరువుండదు. ముందుకీ పడదు, వెనక్కీ పడదు. గ్యాసు అంటే ఒక తలంపు, బ్రేకు అంటే ఇంకో తలంపు, అంతే. మూడు కరెంటు స్తంభాల దూరం అలా వెళ్లాను. ఆ మూడు స్తంభాల మేర నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. పులుసు లేదు, గింజలు లేవు, జెనిల్డా, ఎక్కడున్నావే అన్న కేక లేదు. దిగి, రోడ్డు పక్క కూర్చుని ఏడ్చాను. తైనారా నీళ్ల సీసా ఇచ్చింది.

ఏడో వారం తర్వాత వచ్చిన ఆదివారం, అత్తగారు చేసిన మాంసం బజ్జీల బుట్ట పట్టుకుని వెంచర్‌కి వెళ్లాను. ఆదివారం నా పని అదే. నాలాంటి వాళ్లే ఇంకో పదిమంది అక్కడ గట్టు మీద నిలబడి ఉంటారు, భార్యలు, ప్రియురాళ్లు. మగవాళ్లు బండ్ల మీద అలిసిపోయి దిగినప్పుడు వాళ్ల హెల్మెట్లు పట్టుకోవడానికి. ఎండలో రెండు చేతులా రెండు హెల్మెట్లతో, దిష్టిబొమ్మల్లా. వల్దెసిర్ ఎవరో కొత్త కుర్రాణ్ణి, "గ్యాసు! ఇంకా గ్యాసు!" అని తిడుతున్నాడు. వాడు వెనక్కి పడ్డాడు. తైనారా నోరు ఊరుకోలేదు.

"మేస్త్రీ, కాలు బ్రేకు మీద పెట్టమను. మాకు జెనిల్డక్క అలాగే నేర్పింది."

ఒకటే ఈలలు. "మేస్త్రీ ఇంట్లో ఇంకో మేస్త్రీ ఉందిరోయ్!" వల్దెసిర్ ముందు నవ్వాడు, తర్వాత నవ్వు ఆపి నా వైపు చూశాడు.

"ఓహో. పన్ను డాక్టరు ఇక్కడ కూర్చుంటాడన్నమాట." తన బండి తెచ్చి నా ముందు పెట్టాడు. "ఎక్కు మరి. అందరూ చూస్తారు. ఒక్కసారి లేపు చాలు. భయపడకు, వెనక కమ్మీ నేను పట్టుకుంటాలే."

ఎక్కాను. చేతులు దురద పెట్టాయి. లేపగలనని నాకు తెలుసు. లేపాలని ఎంత కోరికగా ఉందో చెప్పలేను. మళ్లీ ఒక్క క్షణం ఆలోచించాను. లేపితే, రేపటి నుంచి "నేనే నేర్పా, వెనక నేనే పట్టుకున్నా" అంటాడు. పడితే, ఇంకో పంతొమ్మిదేళ్లు షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని చెప్పుకోవడానికి కథ దొరుకుతుంది. ఎటు చూసినా కథ ఆయనదే. స్టాండు వేసి దిగాను.

"నేను ఆదివారం ఎత్తను వల్దెసిర్. గురువారం ఎత్తుతాను. మూడింటికి, చివరి వీధిలో. చూడ్డానికైతే ఎవరూ రానక్కర్లేదు. నేర్చుకోడానికి ఎవరైనా రావచ్చు. నువ్వైనా సరే."

"చూశారా, అంతా మాటలే!" అని చేతులు చాచి నవ్వాడు. చాలామంది నవ్వారు. ఈసారి నేను నవ్వలేదు. బజ్జీల బుట్ట అక్కడే పెట్టేసి వచ్చేశాను. దారంతా ఒళ్లు మండిపోయింది. ఎత్తి చూపించాల్సింది కదా అని వందసార్లు అనిపించింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను వరస తప్పి రచ్చలో ముందు మాట అనేశాను, ఇంట్లో ఇంకా మిగిలే ఉంది. బుధవారం సాయంత్రం అత్తగారు గింజల సంచీ బల్ల మీద పెట్టి అంది: "మావాడు అంతా చెప్పాడు. నాతో ఏడు వారాలు అబద్ధం ఆడావు."

"తప్పే అత్తయ్యా. నిజం చెబితే పంపేవారా?"

ఆవిడ నిజాయితీగానే ఆలోచించింది. "లేదు." సంచీ మూతి విప్పుతూ, "అయితే రేపు మూడింటికి ఇవి ఎవరు ఏరతారు?"

"మీ అబ్బాయి. ఆ వేళకి షెడ్డులో పనేం ఉండదు, నిద్రపోతుంటాడు."

"నేనా?" వల్దెసిర్ కుర్చీలోంచి లేచాడు. "అమ్మా, చూడు దీన్ని!"

"వాడికి రాయికీ గింజకీ తేడా తెలీదే" అంది అత్తగారు నాతో.

"మీరు నేర్పండి. మేస్త్రీ కదా, తొందరగానే పట్టుకుంటాడు."

ఆవిడ నలభై ఏళ్లుగా రాళ్లు ఏరుతున్న ఆడది. సంచీని బల్ల మీద కొడుకు కూర్చునే వైపుకి మెల్లగా తోసింది. "కళ్లజోడు తెచ్చుకో" అంది వాడితో.

గురువారం మూడింటికి చివరి వీధిలో తైనారా ఒక్కతే ఉంది, దాని చుట్టం పిల్లకి డ్యూటీ పడింది. హెల్మెట్ పెట్టుకుని బండెక్కాను. చక్రం లేచింది, ఆ చోటుకి వచ్చింది, అక్కడే నిలిచింది. మూడో స్తంభం దాటింది, ఆరోది దాటింది, వీధి అయిపోయిందని నేనే దింపాను. వెనక్కి తిరిగేసరికి వీధి మొదట్లో నాలుగు బండ్లు ఆగి ఉన్నాయి. ఆదివారం గట్టు మీద నిలబడే ఆడవాళ్లు. చేతుల్లో పట్టుకునే హెల్మెట్లు తలలకి పెట్టుకుని వచ్చారు.

వాళ్లలో ఒకామె హెల్మెట్ అద్దం పైకెత్తింది. "అక్కా, ఇది మా ఆయనది. వదులుగా ఉంది, కళ్ల మీదకి జారుతోంది. ఫర్వాలేదా?"

"ఈ పూటకి నాది పెట్టుకో, సరిపోతుంది" అని నా హెల్మెట్ తీసి ఇచ్చాను. "వచ్చే గురువారం మాత్రం నీది నువ్వు తెచ్చుకోవాలి."