కారే కప్పు, అధ్యక్షుడి జాబు

వాషింగ్టన్‌లో అధ్యక్షుడికి వచ్చే ఉత్తరాలు విప్పి చదవడం లవీనియా ఉద్యోగం. పని ఇప్పించమనేవాళ్లూ, పుట్టిన బిడ్డకు ఆయన పేరే పెట్టామనేవాళ్లూ రోజూ వందల్లో రాసేవారు. ఒకనాటి ఉదయం కాన్సాస్ నుంచి ఎఫీ అనే రైతు భార్య జాబు వచ్చింది.

"అయ్యా, మా ఇంటికప్పు రెండేళ్లుగా కారుతోంది. మా ఆయన ఆమోస్ నా మాట చెవిన పెట్టడు. మీరంటే మాత్రం ప్రాణం. ఒక్క ముక్క చెప్పండి."

లవీనియా నవ్వు ఆపుకోలేక దాన్ని పెద్ద గుమస్తా ఆస్‌గుడ్‌కు చూపించింది.

"కప్పులు బాగుచేయించడం మన పనా అమ్మా? 'మీ జాబు అందింది' అని మామూలు జవాబు పడెయ్యి."

"ఎవరికి సార్?"

"ఆ ఇంటికే!"

ఆ ఇంటికే పంపింది. కాకపోతే కవరు మీద ఆమోస్ పేరు రాసి, జవాబులో 'మీ ఇంటికప్పు విషయమై' అన్న మాట చేర్చింది.

మూడు వారాలకు ఎఫీ మళ్లీ రాసింది. జాబు చదవగానే ఆమోస్ భోజనం కూడా వదిలేసి నిచ్చెన ఎక్కాడట. లవీనియా రోజంతా మురిసిపోయింది.

మర్నాడు అదే ఊరి నుంచి పధ్నాలుగు ఉత్తరాలు వచ్చాయి, అన్నీ ఆడవాళ్లు రాసినవే.

"ఆ ఊరికేమైనా ఉపద్రవం వచ్చిందా?" అని ఆస్‌గుడ్ కంగారుపడ్డాడు.

"లేదు సార్, మొగుళ్లున్నారు," అంది లవీనియా.