తొంభై నాలుగు మీటర్లు

నేను ఒక రేకు బోర్డును. శ్రీకాకుళంలో ఒక పెయింటరు నాకు నీలం రంగు వేసి, తెల్లటి అక్షరాలు రాశాడు. ఈ దిబ్బ రక్షిత ప్రదేశమనీ, వంద మీటర్ల లోపు ఏ నిర్మాణమూ చేయరాదనీ, చేస్తే జైలనీ నా ముఖాన ఉంటుంది. పాత కట్టడాలను కాపాడే శాఖవారు నన్ను తెచ్చి జోడుదిబ్బల ఊరి చివర పాతారు. దిబ్బ కింద రెండు వేల ఏళ్లనాటి ఇటుకల గోడలున్నాయట. వాటికి కావలి తవిటయ్య. పదహారేళ్లుగా ఆయనది టెంపరరీ ఉద్యోగమే.

దిబ్బకు ఎదురుగా గురన్న, అసిరమ్మల మట్టి ఇల్లు. నాకన్నా చాలా ముందునుంచి ఉంది. తుపానుకు దాని పడమటి గోడ ఉబ్బి పక్కకు ఒరిగింది. గురన్న బండెడు ఇటుకలు దింపుకున్నాడు. తవిటయ్య రెండు రోజులు చూడనట్టే తిరిగాడు. మూడో రోజు భయం వేసి ఆఫీసుకు ఫోన్ చేశాడు. కబురు చెప్పకపోతే ఉద్యోగం ఉండదని పై అధికారి అంతకుముందే హెచ్చరించి ఉన్నాడు.

అధికారి టేపుతో వచ్చాడు. ఒక కొస నా కాలికి పట్టించి, రెండో కొస గురన్న గుమ్మం దాకా లాగించాడు. తొంభై నాలుగు మీటర్లు. ఇటుకలు ముట్టుకోవద్దని, దరఖాస్తు పెట్టుకోమని చెప్పాడు. ఆయన చెడ్డవాడు కాడు. అసిరమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, గోడకు వెదురు బొంగులు ఊతంగా పెట్టుకోమని సలహా కూడా ఇచ్చాడు.

దరఖాస్తు ఆఫీసు నుంచి ఆఫీసుకు తిరిగింది. ఫొటోలు కావాలన్నారు, పంపారు. పటం కావాలన్నారు, పంపారు. ఈలోగా బైపాస్ రోడ్డుకు ఐదు వారాల్లో అనుమతి వచ్చింది. యంత్రాలు దిబ్బ ఉత్తరపు అంచును కోసుకుపోయాయి. ఆ పాత ఇటుకలు రోడ్డు కిందకే వెళ్లాయి. తవిటయ్య ఫోన్ చేస్తే, కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయన్నారు.

పద్నాలుగో నెలలో, భాద్రపదం ముసురులో, మధ్యాహ్నం పూట గోడ కూలింది. గురన్న దాని పక్కనే పడుకుని ఉన్నాడు. తవిటయ్య పరుగెత్తుకెళ్లి చేతులతోనే మట్టి తోడాడు. గోళ్లు ఊడాయి. గురన్నను బయటికి తీసేసరికి ఊపిరి లేదు.

పదకొండో రోజున ఆఫీసు నుంచి తవిటయ్య చేతికి కవరు వచ్చింది. తవిటయ్య నా పక్కనే నిలబడి చదివాడు. కాగితం మడిచి అసిరమ్మ దగ్గరికి వెళ్లాడు.

"వదినా, గోడ కట్టుకోడానికి పర్మిషన్ వచ్చినాది."

ఆవిడ కాగితం వైపు చూడలేదు.

"ఎవులి పేరున వచ్చినాది?"

"అన్న పేరునే."

"అయితే అన్నకే ఇచ్చీ, తవిటయ్యా."

ఆయన ఆ కాగితం పట్టుకుని మళ్లీ నా దగ్గరికే వచ్చాడు. చింపుదామని రెండుసార్లు పట్టుకున్నాడు. చేతులు రాలేదు. సర్కారు కాగితం కదా.

అసిరమ్మ చెల్లెలి ఊరికి వెళ్లిపోయింది. మిగిలిన గోడలు వానలకు నానిపోయాయి. పోయిన నెల అధికారి తనిఖీకి వచ్చాడు. చుట్టూ చూసి, వంద మీటర్ల లోపు ఆక్రమణలు లేవని, పరిరక్షణ సంతృప్తికరంగా ఉందని రాసుకున్నాడు. కావలి బాగా కాస్తున్నావని తవిటయ్య భుజం తట్టాడు.

తవిటయ్య వంగి దండం పెట్టాడు.