గున్న పిడి

ఆమె తన జన్మలో ఆడిన పెద్ద అబద్ధం ఒక్క మాటే. "లేదు" అంది. అంతే.

అడిగినవాడు బొగ్గాయన. రాతి క్వారీలో ఇరవై రెండేళ్లపాటు ఆమె భర్త చిన్న రైలింజను నడిపితే, పక్కన నిలబడి దాని పొయ్యిలోకి బొగ్గు ఎగదోసినవాడు అతనే. అందుకే ఆ పేరు. క్వారీ మూతపడి, ఇంజన్ల షెడ్డుని మ్యూజియం చేశాక, వచ్చినవాళ్లకి పాత కథలు చెప్పడానికి అక్కడే చేరాడు. ఎనిమిది నెలల కిందట ఒక మధ్యాహ్నం వచ్చి గుమ్మంలో నిలబడి అడిగాడు.

"వదినా, అన్న పిడి నీ దగ్గరేమన్నా ఉందా?"

"లేదు."

"సరిగ్గా చూశావా? ఎక్కడో పెట్టి మర్చిపోయుంటావు."

"నేను మర్చిపోతానా?"

అది మాత్రం నిజం. ఆమె ఏదీ మర్చిపోదని బొగ్గాయనకి తెలుసు. మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. పిడి అప్పుడు ఆమె కూర్చున్న మంచం కిందే ఉంది. ట్రంకుపెట్టెలో, భర్త ఖాకీ చొక్కాలో చుట్టి.

పిడి అంటే ఇంజనులో ఆవిరిని వదిలే పిడి. మూరెడు ఇనుప కడ్డీ, ఒక చివర గుండ్రటి బొడిపె, రెండో చివర రాడ్డుకి తొడిగే కన్నం. లాగితే చక్రాలు తిరుగుతాయి, నెడితే ఆవిరి ఆగిపోతుంది. పెద్ద రైళ్ల సంగతి ఏమో గాని, క్వారీ ఇంజన్లు పని అయ్యాక ఆరుబయట పట్టాల మీదే పడి ఉండేవి. ఎవడైనా సరదాపడి ఎక్కి తోలేస్తే కష్టమని, దిగేటప్పుడు ఏ డ్రైవరు పిడి ఆ డ్రైవరు ఊడదీసుకుని ఇంటికి తెచ్చుకోవడం అక్కడి అలవాటు. పొద్దున్నే ఒక చేతిలో భోజనం డబ్బా, ఒక చేతిలో పిడి. ఆమె భర్త డబ్బా మర్చిపోయి వెళ్లిన రోజులున్నాయి గాని, పిడి మర్చిపోయిన రోజు లేదు.

ఇంటికి రాగానే తలుపు పక్కన గోడకున్న మేకుకి దాన్ని తగిలించేవాడు. టంగుమనేది. ఇరవై రెండేళ్లు ఆమె ఆ చప్పుడు కోసమే బతికింది. అతను గడప దాటింది మొదలు ఆమె మనసు మనసులో ఉండేది కాదు. బాయిలరు పేలుతుందేమో. వాలులో బ్రేకు పట్టదేమో. బండలు పేల్చేటప్పుడు ఓ రాయి ఎగిరొచ్చి నెత్తిన పడుతుందేమో. వంటింట్లో పని చేసుకుంటూనే ఒక్కొక్కటీ వరసపెట్టి తలుచుకునేది. సాయంత్రం టంగుమనగానే ప్రాణం లేచొచ్చేది. "వచ్చావా" అని కూడా అడిగేది కాదు.

చివరికి ఆమె భయపడినవాటిలో ఒక్కటీ జరగలేదు. క్వారీ మూసేసిన మూడేళ్లకి అతను మంచం మీద, దగ్గుతో పోయాడు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందన్నాడు డాక్టరు. పదేళ్లు ఆ దగ్గు పక్కనే పడుకుంది ఆమె. దానికి మాత్రం ఒక్కరోజు కూడా భయపడలేదు. దగ్గే కదా అనుకుంది.

అప్పట్నుంచి ఆమెకి ఒక సంగతి ఖాయమైపోయింది. తను తలుచుకుని భయపడినవి జరగవు. ఏది తలుచుకోవడం మర్చిపోతుందో అదే జరుగుతుంది. కాబట్టి ఏదీ వదిలిపెట్టకూడదు.

ఇక భయపడటానికి మిగిలింది కూతురొక్కతే.

కూతురు ఫిట్టరు. మ్యూజియం వాళ్లు పిలవగానే వెళ్లి, షెడ్డు వెనక వీధిలో గది తీసుకుంది. బస్సులో గంటన్నర ప్రయాణం. రోజూ సాయంత్రం ఆరింటికి ఫోను చేస్తుంది. తల్లి ఐదున్నరకే ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఛార్జింగు చూస్తుంది. మోత తగ్గించి ఉందేమోనని చూస్తుంది. గ్యాసు కట్టేశానో లేదో అని లేచి వెళ్లి, మధ్యలో ఫోను మోగుతుందేమోనని దాన్ని కూడా చంకన పెట్టుకుని వెళ్తుంది. ఇంట్లో ఇంకో మనిషి ఉంటే నవ్వేవాళ్లు. నవ్వడానికి ఎవరూ లేరు.

మ్యూజియంలో ఐదు క్వారీ ఇంజన్లున్నాయి. నాలుగింటికి రంగులేసి ఊరికే నిలబెట్టారు. ఐదోది, భర్త నడిపినది, అందరికంటే పొట్టిది. పనివాళ్లు దానికి గున్న అని పేరు పెట్టుకున్నారు, ఏనుగుపిల్లలా ఉంటుందని. దాన్ని మాత్రం మళ్లీ నడిపించాలని పట్టుబట్టింది కూతురే.

"గున్న బాయిలరుకి పరీక్ష అయిందమ్మా. పాసైంది," అంది ఒక సాయంత్రం ఫోనులో.

"పరీక్ష పాసైనవాళ్లందరూ బాగుపడుతున్నారా?"

"అమ్మా, అది బాయిలరు."

"అదే నా భయం. తోలేదెవరు?"

"నేనే. ఇంకెవరికొచ్చు?"

"బొగ్గాయన లేడూ?"

"బాబాయికి మోకాళ్లు వంగవు. ఆయన మెట్టెక్కేసరికి ఆవిరి చల్లారిపోతుంది."

తల్లి నవ్వలేదు గాని, కాస్త స్థిమితంగానే ఉంది. పిడి లేకపోతే గున్న కదలదు. గున్న కదలకపోతే పిల్లకి ఏమీ కాదు. పిడి పెట్టెలో ఉంది, పెట్టె మంచం కింద ఉంది, మంచం మీద తను ఉంది. ఇంతకంటే గట్టి ఏర్పాటు ఏముంటుంది?

తన కూతురు ఫిట్టరన్న మాటే ఆమెకి తట్టలేదు.

"కొత్త పిడి చేసేశానమ్మా," అంది కూతురు తర్వాతి వారం, ఎంతో తేలిగ్గా. "ఆదివారం ప్రారంభం. నువ్వూ రావాలి."

ఆ ఆదివారానికి రెండు రోజుల ముందు కూతురు ఇంటికొచ్చింది. ఎండ మండిపోతోంది, అయినా పొడుగు చేతుల చొక్కా వేసుకుంది. టీలో చెంచా ఎడమ చేత్తో తిప్పింది. తల్లి చూసీ చూడనట్టు ఊరుకోగలిగే మనిషి కాదు.

"ఆ చేతికేమైంది?"

"ఏం కాలేదు."

"ఏం కానిదాన్ని చూపించడానికేం?"

చొక్కా చెయ్యి పైకి లాగింది కూతురు. మణికట్టు నుంచి మోచేతి దాకా నల్లగా కమిలి ఉంది.

"కొత్త పిడి జారింది. పెద్ద దెబ్బేం కాదు. నిన్న నడిపి చూశాం. ఆపుదామని నెడితే పిడి నా చేతిలో ఊరికే తిరిగింది, లోపల ఆవిరి ఆగలేదు. చేతి బ్రేకు బిగించాను. పట్టాల చివర అడ్డదుంగ ఉంది కదా, దాన్ని గుద్దుకుని ఆగింది. అప్పుడు తగిలింది."

తల్లి టీ గిన్నె ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడింది.

"రాడ్డు కొస నలుచదరంగా లేదమ్మా. ఏళ్ల తరబడి నాన్న లాగి లాగి ఒక పక్కకి అరిగిపోయింది. నాన్న పిడి కూడా దానితో పాటే అరిగింది. ఆ రెంటికీ కుదిరింది గాని, కొత్తది కుదరదు. సందులో రేకుముక్క పెట్టి బిగిస్తాలే. ఆదివారం గడుస్తుంది."

"రాడ్డు మార్చకూడదా?"

"బాయిలరు పైభాగం విప్పాలి. ఇంకో ఆరు నెలలు. నలభై మంది ఎక్కడానికి పేర్లిచ్చారు, పిల్లలున్నారు. ఎలా ఆపేది?" కప్పు కడిగి బోర్లిస్తూ గోడ వైపు చూసింది. "ఆ మేకు ఇంకా ఉంచావే. చిన్నప్పుడు ఆ చప్పుడు వినబడగానే గబుక్కున పుస్తకం తెరిచేదాన్ని, చదువుతున్నట్టు."

"తెలుసు. తలకిందులుగా పట్టుకునేదానివి."

కూతురు నవ్వింది. చెప్పాలంటే అదే సమయం. మంచం నాలుగడుగుల దూరంలో ఉంది. తల్లి ఒకడుగు మంచం వైపు వేసి ఆగిపోయింది. పిడి ఇస్తే తన చేత్తో తనే పిల్లని ఆ ఇంజను ఎక్కించినట్టు. ఇవ్వకపోతే... ఈలోగా బస్సు టైమైంది.

శనివారమంతా ఆమె ఆ పెట్టెతో ఒక్కతే ఉంది. వండుకోలేదు. అలవాటుగా భయాలు ఒక్కొక్కటీ వరసపెట్టింది. బాయిలరు, అయింది. బ్రేకు, అయింది. పట్టాలు, అయింది. పిల్లలు కిందికి వంగి చూడటం, అది కూడా అయింది. ఎక్కడో ఒకటి తక్కువైంది. ఎంతసేపటికీ అందలేదు. సాయంత్రం ఫోను వచ్చి, కూతురు "రేకు గట్టిగానే కూర్చుందమ్మా" అని పెట్టేశాక అందింది.

ఇన్ని భయపడింది గాని, తను ఆడిన అబద్ధానికి మాత్రం భయపడలేదు. ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా.

మంచం కిందికి వంగి పెట్టె బయటికి లాగింది.

ఆదివారం మొదటి బస్సు ఎక్కింది. ఒళ్లో గుడ్డసంచి. కండక్టరు దాన్ని తాకి చూసి, "ఏంటి పిన్నిగారూ, ఇనుములా ఉంది. ఎవర్ని కొట్టడానికి?" అన్నాడు.

"మా ఆయన పిడి నాయనా."

అతనికి ఏం అర్థమైందో గాని, తర్వాత ఆ సీటు దగ్గర ఇంకెవర్నీ నిలబడనివ్వలేదు.

షెడ్డు ముందు జనం. లోపల నాలుగు ఇంజన్లు మెడల దగ్గర పేర్లు రాసిన అట్టముక్కలతో, బడిలో నిలబెట్టిన పిల్లల్లా నిలబడి ఉన్నాయి. గున్న బయట పట్టాల మీద ఉంది. ఆకుపచ్చ రంగు, తోమి మెరిపించిన ఇత్తడి. అన్నేళ్లలో ఆమె దాన్ని దగ్గర్నుంచి చూసింది లేదు, చూసే ధైర్యం చెయ్యలేదు. ఇంత చిన్నదా! మనిషి కంటే రెండు జానలు ఎత్తు. ఇంతదానికా నేను అంత భయపడింది, అనుకునేలోపే అది పక్కనుంచి బుస్సుమని ఆవిరి వదిలింది. ఆమె రెండడుగులు వెనక్కి దూకింది. సరిగ్గానే భయపడ్డాను అనుకుంది.

"వదినా! దారి తప్పి వచ్చావా ఏంటి?" అంటూ ఎదురొచ్చాడు బొగ్గాయన. ఆమె మాట్లాడకుండా సంచిలోంచి చొక్కా తీసి మడత విప్పింది. బొగ్గాయన ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయి, కాసేపటికి ఆరిపోయింది.

"లేదన్నావుగా."

"ఉంది."

"ఎక్కడ దొరికింది?"

"మంచం కింద."

కూతురు ఇంజను దిగి వచ్చింది. పిడి వైపు చూసింది, చొక్కా వైపు చూసింది. తల్లి ముఖంలోకి మాత్రం చూడలేదు.

"ఎనిమిది నెలలమ్మా."

"అవును."

"మొన్న నా చెయ్యి చూశావు. అప్పుడైనా..."

"నోరు రాలేదే."

కూతురు తిడితే బావుండేది. పిడి తీసుకుని వెనక్కి తిరిగి ఇంజనెక్కింది, చొక్కా తల్లి చేతిలో మిగిలింది. రేకుముక్క పెట్టిన కొత్త పిడిని ఊడదీసి బయటికి విసిరేసింది. పాతదాన్ని రాడ్డుకి తొడిగి అరచేత్తో ఒక్క తోపు తోసింది. పిడి వెళ్లి సరిగ్గా కూర్చుంది. ఊపి చూసింది, ఊగలేదు. నాలుగు గజాలు ముందుకి నడిపింది, ఆపింది. వెనక్కి నడిపింది, ఆపింది. ఆపమన్న చోటల్లా ఆగింది గున్న.

"అన్న చెయ్యి పడ్డట్టే ఉంది," అని బొగ్గాయన టోపీ తీసి ముఖం తుడుచుకున్నాడు.

తల్లి పట్టాల పక్కకి వచ్చింది. "నీళ్లు చూశావా? గాజుగొట్టంలో సగానికి పైన ఉండాలనేవాడు మీ నాన్న."

"ముప్పావు ఉంది." గాజుగొట్టం వైపే చూస్తూ, "ఎక్కుతావా?" అంది కూతురు.

"నేనెక్కను. నేను కూడా ఎక్కితే, కింద నిలబడి భయపడేదెవరు?"

కూతురి పెదవి ఒక పక్కకి కదిలింది. నవ్వో, కోపమో. కూత వేసి బయల్దేరింది.

మూడు పెట్టెల్లో జనం, ముందు గున్న. రాళ్లగుట్ట మలుపు తిరిగేసరికి ఏమీ కనబడలేదు, పొగ ఒక్కటే గుట్ట మీదుగా కదిలింది. తర్వాత అదీ లేదు. పక్కనున్నవాళ్లు ఫొటోలు చూసుకుంటున్నారు, ఎవరి కబుర్లలో వాళ్లున్నారు. ఇన్నేళ్లూ ఆమె వంటింట్లో ఒక్కతే కూర్చుని ఎదురుచూసింది. ఇక్కడ వందమంది మధ్య నిలబడినా అది వంటింటిలాగే ఉంది. చొక్కాని రెండు చేతులా పట్టుకుని, కళ్లు మలుపు మీదనుంచి తియ్యకుండా నిలబడింది.

మలుపు దగ్గర కూత వినబడింది. గున్న వచ్చి, గీత గీసినట్టు, షెడ్డు ముందు ఆగింది. జనం చప్పట్లు కొట్టారు.

అలా ఐదుసార్లు వెళ్లొచ్చింది. కూతురి చుట్టూ జనం తగ్గలేదు. ఫోను సంచిలోనే ఉందనీ, ఎక్కడైనా మోగుతుందనీ తెలిసినా, నాలుగింటి బస్సు తప్పితే ఆరింటికి ఇంట్లో ఉండలేనని ఆమె తొందర. తల్లి దూరం నుంచే చెయ్యి ఊపింది. కూతురు మసి పట్టిన చెయ్యి పైకెత్తింది. అది తనకో, ఇంకెవరికో ఆమెకి సరిగ్గా తెలియలేదు.

ఇంటికొచ్చి గ్యాసు చూసింది. తలుపు గడియ రెండుసార్లు చూసింది. ఖాకీ చొక్కాని పెట్టెలో పెట్టబోయి, మళ్లీ ఏమనుకుందో, మేకుకి తగిలించింది. గుడ్డకి చప్పుడేముంటుంది?

ఆరైంది. ఫోను మోగలేదు. ఆరూ ఐదు, ఆరూ పది. అలిగిందా? చెయ్యి వాచిందా? గున్న పొయ్యి ఆర్పేటప్పుడు ఏమైనా... ఒక్కొక్కటీ తలుచుకుంది, ఏదీ వదల్లేదు. ఆరూ ఇరవైకి మోగింది.

"కోపం పోలేదమ్మా," అంది కూతురు, తల్లి ఫోను ఎత్తగానే.

"ఉండనీ. ఇంటికెళ్లావా?"

"వచ్చాను. పెట్టెయ్యకు, ఉండు."

ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడు. గోడ మీద సుత్తి దెబ్బలు, మూడో నాలుగో. కాసేపు ఏమీ లేదు. తల్లి ఫోనుని చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

టంగుమంది.

"విన్నావా?" అంది కూతురు.

ఆమెకి కళ్లు మసకబారాయి. ఎదురుగా మేకు మీద చొక్కా కనబడటం లేదు.

"లేదు," అంది. "సరిగ్గా వినబడలేదు. ఇంకోసారి తగిలించు."