అరిగిన అంగుళం

నేను ఒక మడత కొలబద్దను. విప్పితే రెండడుగులు, మడిస్తే చొక్కా జేబులో ఇమిడిపోతాను. ఒళ్లు పసుపుపచ్చటి గట్టి చెక్క, కీళ్లు ఇత్తడి. ఏ దేశంలో పుట్టానో చెప్పే ముద్ర ఎప్పుడో చెరిగిపోయింది కాబట్టి గొప్పలు చెప్పుకునే వీల్లేదు. ఓడెక్కి కాకినాడ రేవులో దిగానని మాత్రం గుర్తు.

నన్ను కొన్నది తాళ్ళరేవులో పడవలు కట్టే వడ్రంగి నాగలింగాచారి. అతని పనితనం చూస్తే దండం పెట్టాలనిపించేది, నన్ను వాడే తీరు చూస్తే ఏడుపొచ్చేది. కొలిచేవాడు, సరే. పలకల సందుల్లోకి దూది కూరడానికీ నా కొసే, వీపు గోక్కోడానికీ నా కొసే. అలా నా మొదటి అంగుళం అరిగి గుండ్రమైపోయింది. కొత్తది కొంటాడా, అబ్బే! ఆ అంగుళం వదిలేసి ఒకటో గీత నుంచి కొలిచి, వచ్చినదాంట్లో ఒకటి తీసేసుకునేవాడు. ఈ లెక్క అతనికీ, అవతలి కొస పట్టుకునే భార్య కాళికమ్మకీ, నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

పెళ్లైన చాలా ఏళ్లకు వాళ్లకో ఆడపిల్ల పుట్టింది. బారసాలకు ఉయ్యాల తొట్టి చేద్దామని నాగలింగాచారి నన్ను పిల్ల పక్కన పరిచాడు. ఇత్తడి చల్లగా తగిలి పిల్ల కాళ్లు ముడుచుకుంది. కాళికమ్మ నవ్వుతూ వాటిని మెల్లగా చాపి పట్టుకుంది. మడమ దగ్గర అతను మేకుతో నా మీద గీత గీశాడు. నాకెందుకో ఆ రోజు కోపం రాలేదు.

బారసాల జరగలేదు. జ్వరమొచ్చి పిల్ల పోయింది. తొట్టికి కోసిన చెక్క పొయ్యిలోకి వెళ్లింది. ఫొటో లేదు, పేరైనా లేదు, ఆ గీతే మిగిలింది.

నాగలింగాచారి కూడా పోయాక నేను పనిముట్ల పెట్టెలో పడ్డాను. కొలవడానికి ఏమీ లేని చీకటి. ఎన్నేళ్లున్నానో, ఎవరైనా మూత తీస్తే బాగుండునని ప్రాణం కొట్టుకుపోయేది.

చివరికి కాళికమ్మే తీసింది. ఇల్లు ఖాళీ చేసి చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతూ, పెట్టె అమ్మేయడానికి పాత వస్తువుల వ్యాపారి జిలానీని పిలిపించింది. అతను నన్ను విప్పి, కీళ్లాడించి, భూతద్దం పెట్టి చూశాడు. నా విలువ తెలిసినవాడు దొరికాడని పొంగిపోయాను.

“మామ్మగారూ, మిగతాదంతా పాత ఇనుమేనండి. పనికొచ్చేది ఇదొక్కటే, సీమ సరుకు. కాపోతే కొస అరిగింది, పైగా ఈ గీతొకటి. ఇది గీకేసి పాలిష్ పెడితే మంచి ధర పలుకుద్దండి.”

కాళికమ్మ చీర అంచులోంచి ఒక పోగు లాగి అతనికిచ్చింది.

“ఉండు బాబూ. నాకు కళ్లు కనపడవు. ఆ గీత దాకా ఎంతుందో దీంతో కొలిచియ్యి.”

జిలానీ నా కొస నుంచి పట్టి పోగు తెంపాడు. “ఇరవై అంగుళాలండి.”

ఆమె పోగును ఒళ్లో పరిచి చేత్తో తడిమింది.

“అంత పొడుగు లేదు బాబూ నా బిడ్డ. ఒకటి నుంచి పట్టుకో.”

జిలానీ పోగు వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ కొలిచి, ఎక్కువైన అంగుళం తెంపేశాడు. ఆమె ఆ పోగును కొంగున ముడేసుకుంది. నన్ను మాత్రం అతనికే ఇచ్చేసింది. ఉంచుకుంటుందనుకున్నాను. చాలా బాధేసింది.

జిలానీ గీత చెరపలేదు. ఇప్పుడు అతని కొట్లో, అద్దాల బీరువాలో ఉన్నాను. అప్పుడప్పుడూ ఎవరో విప్పుతారు. అరిగిన కొస నుంచే వేలు జరుపుకుంటూ గీత దాకా వచ్చి, “ఇరవై దగ్గర గీత పడింది,” అని పెట్టేసి వెళ్లిపోతారు. ఒకటి నుంచి కొలవాలని వాళ్లకేం తెలుసు? నాకు నోరున్నా చెప్పను. పిల్ల ఒక్క అంగుళమైనా పెరగనీ.